వన్ టౌన్ మెట్ల మీద ఊపిరి లెక్క

విజయవాడ వచ్చినవాళ్లు మామూలుగా చూసేవి మూడు. అమ్మవారి గుడి, ప్రకాశం బ్యారేజీ, బీసెంట్ రోడ్డు. వన్ టౌన్‌కి మాత్రం పనుంటేనే వెళ్తారు. పెళ్లి బట్టలకి వస్త్రలతకో, హోల్‌సేల్ సామాన్లకో వెళ్లి, ఆ సందుల్లో బండి పెట్టుకునే చోటు దొరక్క విసుక్కుని, పని కాగానే బయటపడతారు. అలా వెళ్లొచ్చినవాళ్లు వన్ టౌన్‌లో సగమే చూసినట్టు. మిగతా సగం పైన ఉంది. తలెత్తితే కనపడుతుంది.

రైలు పట్టాలకి పడమరగా, కాలవలకీ కృష్ణకీ కొండలకీ మధ్య ఇరుక్కున్న ఊరిది. ఒకప్పుడు బెజవాడ అంటే ఇదే. తర్వాత గవర్నరుపేట, సత్యనారాయణపురం, పటమట అంటూ ఊరు అటువైపు పాకింది. డబ్బున్నవాళ్లు అటు జరిగారు. లేనివాళ్లు పైకి జరిగారు. కింద నేల అయిపోయాక కొత్తపేట, చిట్టినగర్, వించిపేట, విద్యాధరపురం వైపు కొండల మీద ఇంటి మీద ఇల్లు లేచింది. స్టేషన్లో దిగితే కనపడే గాంధీ కొండ మీద 52 అడుగుల స్తూపం ఉంది. 1968లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. దాన్ని చూసి ‘అబ్బ, ఎంత ఎత్తో’ అనుకుంటాం గానీ, చుట్టుపక్కల కొండల మీద రోజూ బిందెతో, చంటిపిల్లతో, సరుకుల సంచీతో ఎక్కి దిగేవాళ్ల సంగతి పెద్దగా పట్టించుకోం.

ఈసారి నేను వెళ్లింది ఆ మెట్ల కోసమే. ఊపిరితిత్తుల డాక్టరు ఒకాయన మాటల మధ్యలో ఒక సంగతి చెప్పారు. మిగతా చోట్ల నుంచి వచ్చే పేషెంట్లు ‘ఆయాసంగా ఉందండీ’ అని ఊరుకుంటారట. కొండ మీద వాళ్లు మాత్రం లెక్క చెప్తారట. ‘నిరుడు అరవై మెట్లు ఆగకుండా ఎక్కేదాన్ని, ఈ సంక్రాంతికి నలభైకే కూలబడుతున్నా’ అని. అంతకంటే మంచి రిపోర్టు ఏ ల్యాబూ ఇవ్వదండీ అన్నారాయన.

తెల్లారుజామున కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మొదలుపెట్టాను. అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొదటి స్పీకరు. ఇప్పుడు ఆయన పేరు ఊరు ఊరంతా రోజూ పలికేది టమాటాల కోసం, ఉల్లిపాయల కోసం. అదీ ఒక గౌరవమే లెండి. హోల్‌సేల్ వాళ్లలో చాలామంది గొల్లపూడి కాంప్లెక్సుకి తరలిపోయినా పాత వ్యాపారం పూర్తిగా వదిలిపోలేదు. చీకట్లోనే ఆటో ట్రాలీలు దిగుతున్నాయి. ఉల్లి గోతాలు విదిలిస్తుంటే పొట్టు లేస్తోంది. ఎండుమిరప బస్తాల వైపు వెళితే నాకు మూడు తుమ్ములు, ఒక దగ్గు. బస్తా మోస్తున్న హమాలీకి ఏమీ కాలేదు. అలవాటైపోయిందా అంటే నవ్వి, ‘మాకు పొద్దున్నే ఉండే దగ్గుందిగా, దాంట్లో ఇదీ కలిసిపోద్ది’ అన్నాడు. వయసు నలభై ఏడో ఎనిమిదో. చెవి మీద బీడీ.

పొద్దున్నే ఉండే దగ్గు. ఆ మాట అతను కాఫీ అన్నంత మామూలుగా అన్నాడు. లేవగానే పది నిమిషాలు దగ్గి, కాస్త కఫం పడిపోతే ఇక ఆ రోజుకి హాయి. ఏళ్ల తరబడి ఇలా సాగితే దాన్ని ‘పొగతాగేవాడి దగ్గు’ అని సరిపెట్టుకోవడం అందరికీ అలవాటే. నిజానికి చాలామందిలో సీవోపీడీ మొదటి గుర్తు అదే. వరసగా రెండేళ్లు, ఏడాదిలో మూడేసి నెలలు కఫంతో దగ్గు ఉంటే దాన్ని క్రానిక్ బ్రాంకైటిస్ అంటారు. అది ఈ జబ్బుకి ఒక ముఖం. రెండో ముఖం ఎంఫసీమా. అంటే ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడలు చెదిరిపోవడం. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఇంగ్లీషు పేరు పొడుగు, క్రానిక్ అబ్‌స్ట్రక్టివ్ పల్మనరీ డిసీజ్. మనవాళ్ల నోట మాత్రం ఆయాసం, ఎగరొప్పు, ఉబ్బసం, గాలి జబ్బు. ఈ పేర్లన్నీ ఒకే సంచీలో వేస్తాం కాబట్టే అసలు జబ్బు పేరు బయటికి రాదు.

డెల్టా వాళ్లకి దీన్ని వివరించడం తేలిక. బ్యారేజీ దగ్గర పెద్ద కాలవ మొదలవుతుంది. అందులోంచి చిన్న కాలవలు, వాటిలోంచి పంట బోదెలు, చివరికి మడి. ఊపిరితిత్తులూ అంతే. గొంతు కింద పెద్ద గొట్టం రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ చీలి, చీలి, చివరికి వెంట్రుకంత సన్నని గొట్టాలై గాలి గదుల దగ్గర ఆగుతాయి. పొగా దుమ్మూ ఏళ్ల తరబడి లోపలికి పోతే ముందు పూడిపోయేది చివరి బోదెలే. పై కాలవ బాగానే ఉంటుంది, అందుకే మనిషికి తెలీదు. ఇంకో తిరకాసు ఏంటంటే, ఈ జబ్బులో గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడం కష్టం. మురుగు కాలవ పూడిన చేలో నీళ్లు నిలిచిపోయినట్టు, పాత గాలి లోపలే నిలిచిపోతుంది. కొత్త గాలికి చోటుండదు. మెట్లెక్కేటప్పుడు గబగబా ఊపిరి తీస్తాం కదా, అప్పుడు నిలిచిపోయే గాలి ఇంకా పెరుగుతుంది. ఛాతీ నిండుగా ఉన్నా ఊపిరి అందనట్టుంటుంది. ఉబ్బసానికీ దీనికీ తేడా ఇక్కడే. ఉబ్బసంలో గొట్టాలు ముడుచుకుంటాయి, మందుతో దాదాపు మామూలుకి వస్తాయి, చిన్నప్పుడే మొదలవడం ఎక్కువ. సీవోపీడీలో పూడిక ఉండిపోతుంది. మామూలుగా నలభై దాటాక బయటపడుతుంది, ఏటా కాస్త కాస్త పెరుగుతుంది.

కొత్తపేట దాటి మెట్ల దారి పట్టాను. మొదట సిమెంటు మెట్లు, తర్వాత రాతి మెట్లు, ఆ తర్వాత మెట్టో బండో తెలియని మెట్లు. రెండు ఇళ్ల మధ్య మనిషి పట్టేంత సందు, దాని పక్కనే డ్రైనేజీ పైపు. కొన్ని మలుపుల దగ్గర అరుగులున్నాయి. వాటి మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. మొదట కబుర్ల కోసమనుకున్నాను. కాసేపు చూస్తే తెలిసింది, సగం మంది మాట్లాడటంలేదు. చేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి కూర్చున్నారు. ఊపిరి అందనివాళ్లు ఎవరూ నేర్పకుండానే పట్టే భంగిమ అది. భుజాల కండరాలు కూడా ఊపిరికి సాయపడతాయి అలా కూర్చుంటే.

ఆయాసాన్ని మెట్లతో, నడకతో కొలవడం వన్ టౌన్ వాళ్లు ఒక్కళ్లే చేసిన పని కాదు. గత శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో చార్లెస్ ఫ్లెచర్ అనే డాక్టరు వేల్స్ బొగ్గు గని కార్మికుల మీద పనిచేస్తూ ఆయాసానికి ఒక మెట్ల వరస కట్టాడు. కాస్త మార్పులతో అదే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. దాన్ని ఇక్కడి భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. బరువు మోసినప్పుడు, పరిగెత్తినప్పుడు తప్ప ఆయాసం రాకపోతే సున్నా. చదును దారిలో గబగబా నడిచినా, కాస్త ఎత్తు ఎక్కినా వస్తే ఒకటి. ఈడు వాళ్లతో సమానంగా మార్కెట్ దాకా నడవలేక వెనకబడిపోతే రెండు. చదును మీదే వంద మీటర్లు నడిచి ఆగాల్సి వస్తే మూడు. ఇల్లు కదల్లేకపోయినా, చీర కట్టుకుంటేనే ఆయాసం వచ్చినా నాలుగు. చదునైన ఊళ్లో ఒకటీ రెండూ దశల్లో ఉన్నవాళ్లు చాలాకాలం నెట్టుకొస్తారు. కొండ మీద కుదరదు. మెట్టు ముందే చెప్పేస్తుంది. చెప్పినా వినేవాళ్లు లేరనేదే అసలు బాధ.

ఎందుకంటే కొండ మీద దీనికి దొరికిన మందు వేరే. అద్దె. పైకి వెళ్లే కొద్దీ అద్దె తగ్గుతుంది, కిందికి వచ్చే కొద్దీ పెరుగుతుంది. ఆయాసం ముదిరితే డాక్టరు దగ్గరికి కాదు, కింద వాటా వెతుక్కుంటూ వెళ్తారు. అది దొరక్కపోతే మనిషే దిగడం మానేస్తాడు. గుడికి మానేస్తాడు, పెళ్లిళ్లకి మానేస్తాడు. ‘మా ఆయనకి వయసైపోయిందండీ, ఎటూ కదలడు’ అంటారు ఇంట్లోవాళ్లు. ఆ వయసు ఎంతని అడిగితే యాభై ఎనిమిది.

ఎంతమంది ఉంటారు ఇలాంటివాళ్లు? ఇక్కడ లెక్కలు రెండు రకాలు. దేశంలో 12 పట్టణ కేంద్రాల్లో, 11 గ్రామీణ ప్రాంతాల్లో దాదాపు లక్షా డెబ్బై వేలమందిని ప్రశ్నలడిగి చేసిన పెద్ద సర్వే ఫలితాలు 2012లో వచ్చాయి. ముప్పై అయిదేళ్లు దాటినవాళ్లలో నూటికి 3.5 మందికి క్రానిక్ బ్రాంకైటిస్ ఉందని తేలింది. ప్రశ్నలతో సరిపెట్టకుండా, గొట్టంలోకి ఊదించి కొలిచిన చిన్న చిన్న అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పెద్దవాళ్లలో నూటికి ఏడుగురి దాకా వస్తున్నారు. అంటే అడిగితే మూడున్నర, ఊదిస్తే ఏడు. జబ్బు నిర్వచనాలు వేరు కాబట్టి రెండూ సరిగ్గా పోల్చదగ్గవి కావు గానీ, ఊదించకపోతే ఎంతమంది లెక్కలోకి రారో అంచనా దొరుకుతుంది. మన రాష్ట్రాలన్నిటినీ కలిపి చేసిన మరో లెక్క 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం దేశంలో సీవోపీడీ ఉన్నవాళ్లు 1990లో 2 కోట్ల 81 లక్షలు, 2016లో 5 కోట్ల 53 లక్షలు. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతం. దీర్ఘకాలిక శ్వాస జబ్బుల వల్ల పోయే ఆరోగ్యంలో మాత్రం 32 శాతం.

విజయవాడ జనాభా పది లక్షల పైచిలుకు. అందులో ఆరు లక్షల మంది పెద్దవాళ్లనుకుని నూటికి ఏడు చొప్పున వేస్తే నలభై వేల పైమాటే. ఇది కాయితం మీద నేను వేసిన లెక్క, సర్వే కాదు. కానీ షుగరు ఉందా అని అడిగితే ‘ఫాస్టింగ్ ఇంత, తిన్నాక ఇంత’ అని చెప్పే ఊళ్లో, ఊపిరి ఎంతుందో చెప్పినవాళ్లు ఆ రోజంతా నాకు ఒక్కరూ తగల్లేదు.

కారణం అనగానే అందరి చూపూ బీడీ మీదికి పోతుంది. పోవాల్సిందే. 2016-17 సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు 10.7 శాతం, అందులో సిగరెట్ల కంటే బీడీలే ఎక్కువ. బీడీ చిన్నది, తక్కువ హాని అనుకుంటారు. తునికాకు లోంచి గాలి ఆడదు, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. పొగ అంత లోతుకి పోతుంది. మన కోస్తా వాళ్లకి చుట్ట కూడా ఇంటి మనిషే. గిరీశాన్ని చుట్ట లేకుండా ఊహించుకోలేం కదా. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వేరే కథ, దాని దెబ్బ ముందు నోటి మీద పడుతుంది.

అయితే ఒక తేడా గమనించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, డబ్బున్న దేశాల్లో సీవోపీడీ కేసుల్లో 70 శాతానికి పైగా పొగాకు వల్లే. మనలాంటి దేశాల్లో 30 నుంచి 40 శాతం. మిగతాది ఎక్కడ్నించి వస్తోంది? ఇందాకటి 2018 నివేదిక మన దేశంలో ఈ జబ్బు భారంలో 53.7 శాతాన్ని గాలి కాలుష్యం కింద, 25.4 శాతాన్ని పొగాకు కింద, 16.5 శాతాన్ని చేసే పనుల వల్ల పీల్చే దుమ్మూ పొగల కింద వేసింది. గాలి కాలుష్యం అంటే రోడ్డు మీదదే కాదు, వంటింటిది కూడా.

ఆ వంటింటి సంగతి మా పెద్దమ్మ దగ్గర తెలిసింది. చిట్టినగర్ వైపు కొండ మీద ఉంటుంది. అరవై రెండేళ్లు. నాలుగో మలుపు దగ్గర ఉన్న ఇంటికి చేరేసరికి నాకే రొప్పు వస్తోంది. ‘బీడీ ముట్టినదాన్ని కాదు, చుట్ట ముట్టినదాన్ని కాదు, నాకెందుకు వచ్చుద్దిరా ఆ జబ్బు? మీ పెదనాన్నకి రావాలి గానీ’ అంది. పెదనాన్నని మూడేళ్ల కిందటే డాక్టరుకి చూపించారు. ఇద్దరిదీ ఒకే దగ్గు. మగవాడు కాబట్టి, బీడీ తాగుతాడు కాబట్టి ఆయన్ని తీసుకెళ్లారు. ఆవిడది ‘పొయ్యి దగ్గర దగ్గు’ అయింది.

పెళ్లై వచ్చిన కొత్తలో ఆవిడ వండింది పొట్టు పొయ్యి మీద. ఈ తరం వాళ్లకి తెలీదేమో. రేకు డబ్బాలో నడిమధ్య సీసా నిలబెట్టి చుట్టూ రంపపు పొట్టు కూరతారు. సీసా తీసేస్తే మధ్యలో గొయ్యి మిగులుతుంది. అడుగున ముట్టిస్తే గంటలకొద్దీ మండుతుంది. కలప అడితుల్లో పొట్టు చవగ్గా దొరికేది కాబట్టి బస్తీల్లో అదే గ్యాసు. అంటుకునేదాకా కమ్మే పొగ మాత్రం కళ్లు పోయేంత. కిటికీ లేని ఒంటి గది, మూలన పొయ్యి, ఒళ్లో పిల్ల. అలా పద్దెనిమిదేళ్లు వండానంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్వల వచ్చింది, 2024 నవంబరు నుంచి రాష్ట్రంలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వస్తున్నాయి. వంట గ్యాసు మీదికి మారింది. కానీ నిండు సిలిండరు బరువు ముప్పై కిలోలు. కింద రోడ్డు మీద దింపితే దాన్ని పైకి మోయించడానికి వేరే డబ్బులు. అందుకని వంటకి గ్యాసు, స్నానాల నీళ్లకి పుల్లలు. ఇంటి ముందు మూడు రాళ్ల పొయ్యి మీద సత్తు తపేలా ఇప్పటికీ ఎక్కే ఉంది. పుల్లలతో పాటు అట్టముక్కలు, ఒక్కోసారి ప్లాస్టిక్ కవర్లు కూడా అందులోకే. కనెక్షన్ల లెక్కలో ఈ ఇల్లు పొగ లేని ఇల్లే.

ఇక రాత్రిళ్లు దోమలు. మూడు కాలవలున్న ఊళ్లో దోమల గురించి నేను చెప్పక్కర్లేదు. కరెంటు మందులు ఖరీదని, దోమతెర కడితే గాలాడదని కాయిల్ వెలిగిస్తారు. తలుపులు మూసి, మంచం కిందే పెడతారు. చైనా, మలేషియా కాయిల్స్‌ని పరీక్షించి 2003లో అచ్చు వేసిన అధ్యయనం ఒకటుంది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చినంత అని తేల్చింది. కాయిల్ పొగా సిగరెట్ పొగా ఒకటి కావు, అందులో ఉండేవి వేరు. అయినా సన్నటి ధూళి సన్నటి ధూళే. నేను ఈ మాట చెప్తే పెద్దమ్మ, ‘ఇంకా నయం, అగరొత్తులు లెక్కెయ్యలేదు’ అంది. అవీ లెక్కే, చెప్పే ధైర్యం చెయ్యలేదు.

కొండ దిగి చిట్టినగర్ సొరంగం లోంచి అవతలికి నడిచాను. నడవకండి, ఆటో ఎక్కండి అని నా సలహా. బైకులూ ఆటోలూ వదిలిన పొగ ఆ గుహలో కదలకుండా నిలబడి ఉంటుంది. అవతల భవానీపురం, ఆ పక్కన హైదరాబాద్ జాతీయ రహదారి. 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచేదాకా లారీలన్నీ గుడి కిందినుంచి నత్తనడకన పోయేవి. ఇప్పుడు కొంత నయం. ఐరన్ యార్డు వైపు వెల్డింగు మెరుపులు, గ్రైండరు రజను. అదే దారిలో ఇంకాస్త ముందుకి వెళితే ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపిస్తాయి. మొత్తం 2,560 మెగావాట్లు, బొగ్గుతో. మన ఫ్యాన్లు తిరిగేది దాంతోనే కాబట్టి కోపం ఎవరి మీద చూపించాలో తెలీదు.

కేంద్రం 2019లో స్వచ్ఛమైన గాలి కోసం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి విజయవాడ కూడా ఉంది. పది మైక్రాన్ల లోపు ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 చాలంటోంది. ముతక ధూళిని ముక్కు పట్టేస్తుంది. దగ్గితే, చీదితే పోతుంది. పట్టుబడనిది రెండున్నర మైక్రాన్ల లోపు సన్నది. ఆ చివరి బోదెల దాకా వెళ్లి కూర్చునేది అదే.

మరో కారణం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. టీబీ. మందులు వాడి తగ్గిపోయినా, కొందరిలో ఊపిరితిత్తుల మీద మచ్చలు మిగిలి ఆయాసం మొదలవుతుంది. మళ్లీ టీబీ తిరగబెట్టిందనుకుని తెమడ పరీక్షల చుట్టూ తిరుగుతారు. పరీక్షలో ఏమీ ఉండదు, ఆయాసం ఉంటుంది. మంగళగిరిలో ఒకప్పుడు టీబీ శానటోరియం ఉన్న స్థలంలోనే ఇప్పుడు ఎయిమ్స్ నడుస్తోంది. ఆనాడు అక్కడ బతికి బయటపడినవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత జీవితమంతా రొప్పుతూ గడిపారో అనిపించింది. తక్కువ బరువుతో పుట్టడం, చిన్నప్పుడు నిమోనియాలు రావడం, అరుదుగా జన్యువులు కూడా కారణమే.

ఈ పూడికని కొలిచే యంత్రం స్పైరోమీటరు. కొత్తదేం కాదు, 1846లోనే జాన్ హచిన్సన్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని తయారుచేశాడు. గట్టిగా ఊపిరి తీసి ఒక్కపెట్టున ఊదాలి. మొత్తం వచ్చిన గాలెంత, అందులో మొదటి సెకనులో వచ్చిందెంత అని చూస్తారు. ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్చాక కూడా మొదటి సెకనులో 70 శాతం రాకపోతే గొట్టాలు పూడినట్టు. ఎక్స్‌రేలో ఈ సంగతి మొదట్లో తెలీదు. స్టెతస్కోపుకి కూడా దొరక్కపోవచ్చు. బీపీ మిషను, షుగరు స్ట్రిప్పు ప్రతి వీధి చివరా ఉన్నాయి. ఊదే గొట్టం కోసం మాత్రం పెద్దాసుపత్రికో, ఛాతీ డాక్టరు దగ్గరికో వెళ్లాలి. నా దృష్టిలో కొండ ప్రాంతాలకి అన్నిటికంటే ముందు కావాల్సింది ఈ పరీక్షే. మెట్లు ఎలాగూ సగం పని చేసి పెట్టాయి. ‘ఎన్ని మెట్లకి ఆగుతున్నావమ్మా’ అని అడిగి, నలభై దాటినవాళ్లని ఏరి ఊదిస్తే చాలు.

పూడిక పోదు. కానీ పెరగడం తగ్గించొచ్చు. ఇందాకటి ఫ్లెచరే, రిచర్డ్ పీటోతో కలిసి 1977లో చూపించింది అదే. పొగ మానినవాళ్లకి పోయిన ఊపిరి తిరిగి రాకపోయినా, అక్కడినుంచి తరిగే వేగం తాగనివాళ్లకి దగ్గరగా వచ్చేస్తుంది. యాభైలో మానినా లాభమే. మందుల్లో ముఖ్యమైనది ఇన్‌హేలరు. మన దగ్గర దానికున్నంత చెడ్డపేరు ఇంక దేనికీ లేదు. ‘ఒకసారి పెడితే ఇక వదలదు’, ‘అది ఆఖరి మందు’, ‘ఆడపిల్ల పెళ్లికి అడ్డం’. బిళ్ల మింగితే మిల్లీగ్రాముల్లో మందు ఒళ్లంతా తిరుగుతుంది. పీలిస్తే అందులో పదో వంతు, ఇరవయ్యో వంతు నేరుగా గొట్టాలకి చేరుతుంది. చెయ్యి వణుకు, గుండెదడ తక్కువ. అది తెలీక పెదనాన్న రెండేళ్లు స్టెరాయిడ్ బిళ్లలతో, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చాడు. ఇంజెక్షన్ చేసిన పూట బ్రహ్మాండంగా ఉండేదట. వరసగా మూడు మృగశిర కార్తెలకి హైదరాబాదు వెళ్లి చేప మందు కూడా మింగొచ్చాడు. అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. రైల్లో తోటివాళ్లతో కబుర్లు బావుండేవన్నాడు.

పెద్దమ్మని ఆ వారంలోనే ఊదించాం. టెక్నీషియన్ అమ్మాయి ‘ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా ఇంకా’ అని అరుస్తుంటే ఆవిడకి మొదట నవ్వొచ్చి సగంలో ఆగిపోయింది. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారి కుదిరింది. మందు పీల్చాక మళ్లీ ఊదిస్తే మొదటి సెకను లెక్క 58 శాతం. బీడీ తాగిన పెదనాన్నది 61. రిపోర్టు చూసి ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నట్టే కనిపించాడు.

డాక్టరు ఇన్‌హేలరు రాశారు. డబ్బాలాంటి స్పేసరు పెట్టి ఎలా పీల్చాలో రెండుసార్లు చేయించి చూశారు. ఫ్లూ, నిమోనియా టీకాలు వేయించుకోమన్నారు. రోజూ నడవమన్నారు. ఆయాసమని కూర్చుండిపోతే కాళ్ల కండ కరిగి ఇంకా త్వరగా ఆయాసం వస్తుందట. పుల్లల పొయ్యి తీసెయ్యమన్నారు. తర్వాత మెట్లెక్కడం నేర్పారు, ఏళ్ల తరబడి ఎక్కుతున్నావిడకి. నిలబడి ముక్కుతో ఊపిరి తీసుకోవాలి. అడుగు వేసేటప్పుడు, ఈల వేస్తున్నట్టు పెదాలు సన్నగా చేసి నెమ్మదిగా వదలాలి. రెండు మెట్లకో వదులు. మళ్లీ ఆగి తీసుకోవాలి. నోరు తెరిచి గబగబా పీలిస్తే లోపల గాలి ఇరుక్కుపోతుంది, సన్నగా వదిలితే ఖాళీ అవుతుంది.

ఇంటికి వెళ్లేటప్పుడు మొదటి అరుగు దగ్గర అలవాటుగా కూర్చోబోయి, గుర్తొచ్చి, పెదాలు ముడిచి ఊదుకుంటూ ఎక్కింది. పైనుంచి ఖాళీ సిలిండరు భుజాన వేసుకుని దిగుతున్న కుర్రాడు చూసి, ‘ఏంటి పెద్దమ్మా, ఈల వేస్తున్నావు?’ అన్నాడు. ఊపిరి మొత్తం వదిలేదాకా ఆవిడ జవాబు చెప్పలేదు. వదిలాక, రేపటినుంచి నెలకి ఇంకో సిలిండరు కావాలని, పైకి మోసినందుకు ఎంత తీసుకుంటావో ఇప్పుడే తేల్చమని అతనితో బేరం పెట్టుకుంది.